గుసగుసమ్మ స్పీకర్ల పంపకం

దినపత్రిక అచ్చయ్యే ప్రెస్సులో ముప్పై ఒక్క ఏళ్లు మెషీన్ల దగ్గర పనిచేసి రిటైరైనదాన్ని, ఆ మోతలో కూడా గొంతు పెంచనందుకు అందరూ ‘గుసగుసమ్మ’ అని పిలిచినదాన్ని, అరవై ఎనిమిదేళ్ల నేను, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, ఎవరూ పక్కన కూర్చుని చెప్పి రాయించకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. బుద్ధి సక్రమంగానే ఉందని డాక్టరమ్మ కాగితం ఇచ్చింది. మనసు మాత్రం కాలుగాలిన పిల్లిలా తిరుగుతోందని నేనే ఒప్పుకుంటున్నాను. శుక్రవారం నా గుండెలో కవాటం మారుస్తారు. శనివారంలోగా నా ముందుగదిలో ఉన్న రెండు జతల స్పీకర్లలో ఒక జతను షాపుకు తిప్పి పంపాలి. ఈ రెంటిలో నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది రెండోదే. కనీసం ఈ కాగితం మొదలుపెట్టేటప్పుడు అలాగే అనుకున్నాను.

1. నా స్వార్జితమైన ఈ పై అంతస్తు ఫ్లాటు, మూడు గదులూ, బాల్కనీతో సహా, నా తదనంతరం నా ఒక్కగానొక్క కూతురికి సర్వహక్కులతో చెందాలి. ఆమె ఈత కోచ్. దీనిమీద నా తమ్ముడికి గానీ అతని పిల్లలకు గానీ ఎలాంటి హక్కూ లేదు. వాడికీ ఆ సంగతి తెలుసు. అయినా రాసి ఉంటే మంచిది.

2. తమ్ముడికి వంటింటి రేడియో ఇస్తున్నాను. “అక్కా, పక్కవాడికి కూడా వినపడనంత చిన్నగా పెట్టుకునేదానికి అంత పెద్ద స్పీకర్లెందుకు? రేడియో చాలదూ?” అని బంధువులందరి ముందూ నవ్వించినవాడు వాడే. అప్పుడు చెప్పని జవాబు ఇప్పుడు చెబుతున్నాను. ప్రెస్సు నా చెవులను పాడుచేసింది. ఇద్దరు మామూలుగా మాట్లాడుకునే సౌండు దాటిందంటే చెవిలో సూది దిగుతుంది. సౌండు తగ్గిస్తే ముందు డప్పు బరువు పోతుంది, తర్వాత తాళాల గలగల పోతుంది, మిగిలేది అంచులు రెండూ కోసేసిన పేజీ. గట్టిగా పెడితే ఏ డబ్బా అయినా అరుస్తుందిరా తమ్ముడూ. చిన్నగా పెట్టినప్పుడు కూడా మొత్తం పాట చెప్పగలిగేదే మంచి స్పీకరు. రేడియో బ్యాటరీలు కొత్తవే వేశాను.

3. మా ఆయన రికార్డులు నూట ఎనభై చిల్లర ఉన్నాయి. ఆయన అదే ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. ప్రతి రికార్డు అట్ట వెనక పెన్సిల్‌తో చిన్న గీత పెట్టేవాడు. వాల్యూమ్ నాబును ఆ గీత వాలిన దిక్కు వరకు తిప్పితే నా చెవికి నొప్పి పుట్టదని గుర్తు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఈ రికార్డులు కూతురికే. గీతలు చెరపవద్దు. ఆయన నాకు రాసిన ప్రేమలేఖలు అవే, వేరే ఏవీ దొరకవు, అలమరా వెతికి శ్రమపడవద్దు.

4. స్పీకర్ల షాపు యజమానికి నా క్షమాపణ, నా అలారం గడియారం చెందాలి. ఇందులో ఉన్న గొడవ వివరంగా రాయాలి, లేకపోతే ఆయన తీసుకోడు.

ఆ షాపులో అడుగుపెట్టినప్పుడల్లా ఆయన “సౌండు పెంచితే గానీ దీని సత్తా తెలీదమ్మా!” అని నాబు మీద చెయ్యి వేసేవాడు. నేను ఆ చేతిని తీసేసేదాన్ని. నా పరీక్ష వేరు. గడియారం బల్ల మీద పెడతాను. దాని టిక్కుటిక్కు పాటలో మునిగిపోకూడదు. ఆ కాస్త సౌండులోనే, పాడే ఆవిడ లైను ఎత్తుకునే ముందు తీసుకునే ఊపిరి వినిపించాలి. “అలా పెడితే ఈగ ఎగిరినట్టుంటుందమ్మా” అనేవాడు. ఆరేళ్లలో నాలుగు జతలు ఇంటికి తెప్పించి తిప్పి పంపాను. ప్రతిసారీ ఒకటే తప్పు: ఎడమ పెట్టె నీరసంగా పలుకుతోంది. చివరిసారి షాపు నిండా జనం ఉండగా “జోడు కానివాటిని జోడని అంటగడుతున్నావు” అనేశాను. అప్పటినుంచి నన్ను చూడగానే ఆయన వెనక గదిలోకి వెళ్లిపోతాడు.

తప్పు ఆయనది కాదు. నా ఆంప్లిఫయరు వాల్యూమ్ నాబుది. తిప్పడం మొదలుపెట్టిన చోట అది రెండు పక్కలకూ సౌండు సమానంగా ఇవ్వదు. పావు తిప్పు దాటితే సర్దుకుంటుంది. అందరూ పావు దాటే వింటారు, నేనొక్కదాన్నే దాటను. నాలుగు జతల మీద నింద వేశాను గానీ నా చెయ్యి ఉన్న నాబును ఒక్కసారీ అనుమానించలేదు. ఇందుకు ఆయన నన్ను క్షమించాలి. వచ్చినవాళ్లందరి చెవుల్లో మోత పెట్టే ఆయన అలవాటును మాత్రం నేను క్షమించడం లేదు.

5. పై దోషం కనిపెట్టిన రేడియో మెకానిక్‌ను ఈ వీలునామా అమలుచేసే బాధ్యుడిగా నియమిస్తున్నాను. “అమ్మగారూ, పెట్టెలనెందుకు తిడతారు? ముందు ఈ నాబు సంగతి చూద్దాం” అన్న మనిషి. నాబు మార్చి ఇచ్చాడు. నా పరీక్షల నోటుబుక్కులు ఏడూ అతనికే. నాలాంటి చెవులవాళ్లు ఎవరైనా వస్తే చూపించాలి.

6. ఇక స్పీకర్లు. ఈసారి రెండు జతలూ షాపు నుంచి మెకానిక్కే తెచ్చి పెట్టాడు. ఒక జత సన్నపెట్టెలు, మనిషి నడుము ఎత్తు. ఇంకో జతను మెకానిక్ ‘బీరువాలు’ అంటాడు, అంత లావు. లోపల సౌండు పుట్టించేవి వెడల్పైన తేలిక కాగితపు పళ్లేలు, చిటికెడు కరెంటుకే కదులుతాయి. రెండూ నా గడియారం పరీక్ష నెగ్గాయి. కానీ సన్నపెట్టెల ముందు కుర్చీలో కూర్చుంటే పాడే ఆవిడ సరిగ్గా నా ఎదురుగా, గజం దూరంలో నిలబడుతుంది. కాబట్టి సన్నపెట్టెలే ఉంచాలని, బీరువాలు వెనక్కి పంపాలని, ఉంచిన జత నా తదనంతరం నా కూతురికి చెందాలని నిర్ణయిస్తున్నాను.

ఇక్కడ కలం ఆపి రెండుసార్లు లేచాను. కుడి పెట్టెను వేలెడు లోపలికి తిప్పాను. మళ్లీ బయటికి తిప్పాను. ఆ జత తన ఇంట్లో పెట్టుకోవడం మాట అటుంచి, కూతురు దాన్ని చూడటానికైనా వస్తుందా?

7. ఆస్తి పంపకంలో ఇది రాయాలో వద్దో తెలియదు. రాస్తున్నాను. పద్నాలుగు నెలల కిందట ఒక ఆదివారం ఉదయం కూతురు తన పిల్లను తీసుకుని వచ్చింది. మనవరాలికి అప్పుడు ఆరేళ్లు, ముద్దుపేరు గలాటా. నేను నాలుగో జత పరీక్షలో ఉన్నాను. ముందుగదిలో ఉన్నది ఒకటే కుర్చీ. దాని కాళ్లు ఎక్కడ ఉండాలో నేల మీద టేపు అంటించి ఉంచుకున్నాను. అందుకని పిల్ల తలుపు దగ్గరే నిలబడింది. ఎంతసేపని నిలబడుతుంది? వాళ్లమ్మ మెడలో ఉండే ఈల తీసి ఊదింది.

నొప్పి నిజమే. కానీ నేను చేసింది నొప్పి చేసిన పని కాదు. పిల్ల జబ్బ పట్టుకుని బయట పెట్టి తలుపు మూసేశాను. అవతలి నుంచి ఏడుపు కూడా వినపడలేదు. నా కూతురు అన్న మాట ఇది: “అమ్మా, చిన్నప్పుడు నన్ను రోజంతా ‘ష్’ అన్నావు, ఊరుకున్నాను. నీ చెవులు బాలేవు కదా అనుకున్నాను. ఈ గదిలో పెట్టెలకు చోటుంది. మనుషులకు ఎక్కడుంది?”

ఎడమ పెట్టెను కాస్త వెనక్కి జరిపాను. అదీ నేను చేసిన ఘనకార్యం. అప్పటినుంచి ఆమె రోజూ ఫోన్ చేస్తుంది. “మందులు వేసుకున్నావా?” “వేసుకున్నాను.” అంతే. శుక్రవారం కూడా నేరుగా ఆసుపత్రికే వస్తానంది. ఇంటికి వస్తానని అనలేదు. రమ్మని నేనూ అడగలేదు, సిగ్గేసింది.

8. పై పేరా రాశాక మంచినీళ్లకు లేచాను. రికార్డు ఆడుతూనే ఉంది. తిరిగి వస్తూ తలుపు దగ్గర ఆగాను. ఆరేళ్లలో నేను అక్కడ నిలబడి విన్నది లేదు. సన్నపెట్టెలు అక్కడికి ఏమీ పంపడం లేదు. ఎక్కడో మూడో ఇంట్లో ఎవరో పాడుకుంటున్నట్టుంది. ఆ పిల్ల అరగంట విన్నది ఇలాంటిదే.

వైర్లు మార్చి బీరువాలు పెట్టాను. అదే రికార్డు, మా ఆయన గీత దాటకుండా అదే సౌండు. తలుపు దగ్గర నిలబడ్డాను, గోడవార నేల మీద కూర్చున్నాను, కిటికీ దగ్గరికి వెళ్లాను. అన్ని చోట్లా పాట పాటలాగే ఉంది, ఊపిరితో సహా. కుర్చీలో కూర్చుంటే మాత్రం సన్నపెట్టెలదే గెలుపు, అందులో అబద్ధం లేదు. పాడే ఆవిడ గజం దూరంలో కాదు, గదిలో ఎక్కడో ఉంటుంది. ఉండనీ.

కాబట్టి 6వ షరతులో సన్నపెట్టెలు ఉంచాలన్న నిర్ణయాన్ని ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. అవే షాపుకు వెళ్లాలి. బీరువాలు ఉంటాయి. అవి నా కూతురికీ మనవరాలికీ ఉమ్మడిగా చెందాలి. సౌండు ఎంత పెట్టుకోవాలో వాళ్ల ఇష్టం, ఎవరూ అడ్డు చెప్పరాదు. నేల మీది టేపులు ఇప్పుడే పీకేశాను, జిగురు మరక మిగిలింది.

9. మనవరాలు గలాటాకు: నిన్ను బయటపెట్టి తలుపు వేసినందుకు తప్పు నాదే, నీది కాదు. ఇది సాక్షుల ముందు రాసి ఇస్తున్న మాట. ఇదంతా చదివి అర్థం చేసుకునే వయసు నీకు వచ్చిన రోజు మీ అమ్మ ఇది నీకు ఇవ్వాలి.

10. ఈ వీలునామా నా మరణానంతరం అమల్లోకి వస్తుంది, 8వ షరతు తప్ప. అది రేపు, బుధవారం సాయంత్రం ఐదు గంటల నుంచి అమల్లోకి వస్తుంది. లాయరుగారికి ఫోన్ చేసి అడిగితే “బతికుండగా అమలయ్యే షరతు వీలునామాలో చెల్లదమ్మా” అన్నారు. చెల్లకపోతే మానె. శుక్రవారం నాకు ఏమవుతుందో తెలియదు, అందుకని బుధవారమే రమ్మని అడుగుతున్నాను. ఈ కాగితం సంతకాలు కాగానే మెకానిక్ దీన్ని నా కూతురి చేతికి ఇస్తాడు. తల్లీ, పిల్లను తీసుకుని రా. కింది టైలరు గారింటి నుంచి ఇంకో రెండు కుర్చీలు అడిగి తెచ్చుకున్నాను. ఎంత గోల చేసినా సరే. చెవుల్లో దూది పెట్టుకుంటాను. తట్టుకోలేకపోతే ఈసారి గదిలోంచి బయటికి వెళ్లేది నేను.

తేదీ: నవంబరు 11, మంగళవారం, మధ్యాహ్నం రెండున్నర గంటలకు, నా ముందుగదిలో.

సంతకం: గుసగుసమ్మ (నా అసలు సంతకం దీని కిందనే చేశాను)

నా ఎదుట చదివి, నా ఎదుటే సంతకాలు చేసిన సాక్షులు:
1. కింది అంతస్తు టైలరు గారు
2. ప్రెస్సులో నా తర్వాతి షిఫ్టు నడిపిన ఫోర్‌మన్