లేత గులాబీ రంగు

నాన్నకు,

నీ చిన్నకూతురు నమస్కారాలతో రాసేది. ఇక్కడ మేమందరం తిని తిరుగుతూ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ నీ మోకాళ్ళూ ఒకరినొకరు తిట్టుకోకుండా ఉన్నారని తలుస్తాను. అక్కని అడిగానని చెప్పు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. వెనక గది కప్పు కారడం ఆగింది. మీ అల్లుడికి పగటి డ్యూటీ వేశారు. ఇప్పుడు మనుషుల్లా అందరం కలిసి భోంచేస్తున్నాం. ఇక, "మా పిడుగు కెమిస్ట్రీలో దుమ్ము దులుపుతున్నాడా?" అని రాశావు. అది చదివి ఉత్తరం కాసేపు మడిచి పెట్టేశాను.

వాళ్ళ హైస్కూల్లో ఈ ఏడు నుంచి ఎవరికి నచ్చిన సైన్సు కోర్సు వాళ్ళు తీసుకోవచ్చు. నీ మనవడు రెండో మాట లేకుండా కెమిస్ట్రీ అన్నాడు. తెల్ల కోటు వేసుకుని ఇల్లంతా తిరిగాడు. వాళ్ళ నాన్న "డాక్టరుగారూ, నడుం నొప్పండీ" అంటే, "మేం మనుషుల్ని ముట్టుకోమండీ, సీసాల్నే" అన్నాడు.

ప్రయోగాలు మొదలయ్యాక వచ్చింది చిక్కు. గాజు కుప్పెలో యాసిడ్ ఉంటుంది. పైనున్న గొట్టంలోంచి ఇంకో ద్రవం చుక్కచుక్కగా వదలాలి. నీళ్ళలా ఉన్నది లేత గులాబీకి తిరగగానే ఆపాలి. అందరూ ఆపేశారు. వీడు వదులుతూనే ఉన్నాడు. రంగు బాగా ముదిరాక ఆపి, "ఇప్పుడే కదా మేడమ్ మారింది" అన్నాడట. వేళాకోళమనుకుని పిల్లలు నవ్వారు. మేడమ్ నవ్వలేదు. నాకు కబురు పెట్టి, వాడి కళ్ళు ఒకసారి చూపించమంది.

కంటి డాక్టరమ్మ రంగురంగుల చుక్కల బొమ్మలు చూపించింది. ప్రతి బొమ్మలోనూ నాకు అంకె కనబడుతూనే ఉంది.

"ఏం కనిపిస్తోంది బాబూ?"

"చుక్కలండీ."

పేజీ తిప్పింది.

"ఇవీ చుక్కలేనండీ."

నాన్నా, ఆ అంకె వాడి చెవిలో చెప్పేద్దామా అనిపించింది.

ఎరుపూ ఆకుపచ్చా వాడికి సరిగా తెలియవట. పుట్టుకతో వచ్చిందట. మందు లేదంది.

స్కూలుకు వెళ్ళి మేడమ్‌ని బతిమాలాను. "పక్కన ఎవర్నైనా నిలబెట్టండి, రంగు మారిందని చెప్తారు."

"నా క్లాసులో అయితే నేనే నిలబడతానండీ. చివరి పరీక్షకి బయటివాళ్ళొస్తారు. ఒక్కడే చెయ్యాలి. పెద్దసారుని అడిగి చూశాను, కుదరదన్నారు" అంది. ఆమె కళ్ళలోనూ నీళ్ళున్నాయి.

బయాలజీకి మారుద్దామంటే స్లైడు మీద పూసేవి రంగులే. ఫిజిక్స్ అంటే వైర్లన్నీ రంగులే. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, మాకు పక్కన కూడా గొయ్యే. చివరికి ఫిజిక్స్ సారు వైర్లకు చీటీలు అంటిస్తానంటే అందులో వేశాం. వెళ్తున్నాడు, వస్తున్నాడు. తెల్ల కోటు మాత్రం తనే ఉతికి, మడిచి, స్కూల్లో ఇచ్చేసి వచ్చాడు.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. రాయడానికి చెయ్యి రావడం లేదు. "ఇది తల్లి ద్వారా వస్తుంది. మీ నాన్నగారికి ఉందా?" అని డాక్టరమ్మ వాడి ముందే అడిగింది. లేదనబోయి ఆగిపోయాను. మన బేకరీలో రొట్టె ఎర్రగా కాలిందో లేదో చూడమని ప్రతి ట్రేకీ అమ్మని కేకేసేవాడివి. పండిన టమాటాలు తెమ్మంటే పచ్చివి తెచ్చేవాడివి. పోయేదాకా అమ్మ నిన్ను పరధ్యానం మనిషివనే అనుకుంది. అది పరధ్యానం కాదు నాన్నా. నీదీ వాడిదీ ఒకటే. నీ నుంచి నాకు, నా నుంచి వాడికి. మధ్యలో నాకు మాత్రం అన్ని రంగులూ తెలుస్తాయి.

ఆ రోజు డాక్టరమ్మ దగ్గర్నుంచి తిరిగొచ్చే దారిలో వాడడిగాడు: "తాతయ్యకి చెప్తావా?"

"చెప్పొద్దా?"

"వద్దులే. తన వల్లే అనుకుంటాడు."

అప్పట్నుంచి నాతో పెద్దగా మాట్లాడడు. కోపమైతే ఎలాగోలా తీర్చేదాన్ని. "అదేం పెద్ద విషయం కాదురా" అంటే, "నీకేం తెలుసమ్మా" అంటాడు. నిజమే, నాకేం తెలుసు? కడుపున మోశానన్నమాటే గానీ, వాడి కళ్ళకు ఈ లోకం ఎలా ఉంటుందో నాకు తెలియదు. వాళ్ళ నాన్నకూ తెలియదు.

నీకు తెలుసు. అందుకే వాడు వద్దన్నా రాస్తున్నాను. వాడికొక ఉత్తరం రాయి నాన్నా. ధైర్యం చెప్పకు, అది మేమందరం చెప్పి అలిసిపోయాం. నీకేం కనిపిస్తుందో రాయి, చాలు.

ఇట్లు,
ఏమీ చేతకాక కూర్చున్న
నీ చిన్నకూతురు