అంకెలు అరిగిన ఇంజను

థర్స్క్,
మంగళవారం.

వాహన తనిఖీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఇంట్లో బిగించుకున్న స్పోర్ట్స్ కారుకు ఏటేటి పొగ పరీక్షలో ఇంజను వయసును బట్టి మినహాయింపు కోరుట గురించి.

నేను హోరేస్ పిక్‌ఫోర్డ్, మునిసిపల్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. ఉద్యోగమంతా అర్జీలు పుచ్చుకున్నవాణ్ణే గాని ఇచ్చుకున్నవాణ్ణి కాను. తప్పులుంటే మన్నించగలరు. విన్నవించుకొనునది ఏమనగా:

1. సదరు కారును, విడిభాగాలు పెట్టెల్లో తెప్పించి, నా భార్య ఆవిస్ మా షెడ్డులో స్వహస్తాలతో బిగించినది. నా వాటా టార్చిలైటు పట్టుకోవడం, టీ కాచడం. రెండోదానికే మెచ్చుకోలు దక్కింది.

2. అందులోని ఇంజను, రొట్టెలమ్మిన మా మామగారి పాత వ్యానుది. కాగితాల మీద కారు కొత్తది, లోపలి ఇంజను పాతది. పాత ఇంజనైతే పొగను కంటితో చూస్తే చాలుననీ, కొత్తదైతే గొట్టంలో మిషను పెట్టి కొలవాలనీ తమ నిబంధన. ఇంజను పక్కన పోతపోసిన అంకెలే దాని వయసుకు సాక్ష్యం. ఏటా వాటిని చూసి, పొగ చూసి, వెళ్ళి రమ్మనేవారు.

3. ఈ ఏడు ఆ అంకెలు లేవు.

4. ఎందుకు లేవనగా, చలికాలమంతా ఆవిస్ ఆ ఇంజనును తోముతూ కూర్చుంది. పరీక్షకు పెళ్ళికూతురిలా వెళ్ళాలట. పరీక్ష చేసే రెజ్ డఫీల్డ్ గారు బానెట్ ఎత్తి, వంగి చాలాసేపు వెతికారు.

"అంకెలేవి తల్లీ?"

"ఏ అంకెలు?"

"ఇదిగో, ఈ పక్కన ఉండేవి."

"అక్కడ వేలికి గరుగ్గా తగిలితే తుప్పనుకున్నా రెజ్. నున్నగా రుద్దేశా. చూడు, నీ మొహం కనబడట్లా?"

కనబడింది. ఆ మొహం చూసే నాకు సంగతి అర్థమైంది.

"నాకు గుర్తున్నాయమ్మా ఆ అంకెలు. కానీ నా గుర్తుని మిషను ఒప్పుకోదే," అన్నాడు రెజ్. మిషను పెట్టాడు. ఇంజను తన వయసుకు తగ్గ పొగే వదిలింది. ఫెయిలు.

5. ఆవిస్‌కు చూపు తగ్గుతోంది. దగ్గరి సన్న అక్షరాలు పోయాయి. దూరం ఇంకా బాగానే ఉంది, బండి నడపవచ్చునని కంటి డాక్టరు చెప్పారు. అది వచ్చే చలికాలం దాకానే. ఆపైన లైసెన్సు తిరిగి ఇచ్చేయాలి. ఈలోగా ఆ కారులో, కొండల మీదుగా విట్బీ సముద్రం దాకా, తానే నడుపుకుంటూ వెళ్ళాలని ఆమె కోరిక. వాళ్ళ నాన్న రొట్టెలు వేసుకుని వెళ్ళిన దారే అది. పక్క సీట్లో ఆవిస్ కూర్చునేదట. ఇప్పుడు ఆ కొండలన్నీ ఊదాపూలతో నిండి ఉన్నాయి. ఫెయిలైన బండిని రోడ్డెక్కించరాదని రెజ్ తన లారీ మీద మమ్మల్ని ఇంటికి చేర్చాడు.

6. ఆవిస్ లారీ దిగింది. గేటు దగ్గర అంది: "డాక్టరు చెప్తే వాడి చాదస్తంలే అనుకున్నా హోరేస్. ఇవాళ నమ్మాను." అయ్యా, ఈ మాటను ఏ అంకె కింద రాయాలో నాకు తోచలేదు. ఆరు వేశాను.

7. ఇంజను వయసు చెప్పమని తయారుచేసినవారికి రాశాం. నంబరు చెబితే వయసు చెబుతామన్నారు. కార్బురేటరుకు పెట్రోలు తగ్గించి చూశాం. బండి దగ్గి ఆగిపోయింది. కొత్త ఇంజను వేద్దామని నేనే నోరుజారాను. "మా నాన్నను దించేసి పొమ్మంటావా?" అంది. ఆ రోజు టీ నేనొక్కణ్ణే తాగాను.

కావున తమరు ఒక్కసారి మా షెడ్డుకు దయచేసి ఆ ఇంజను చప్పుడు వినవలెను. కొత్త ఇంజను ఏదీ అట్లా మూలగదు. నాకు ఏం చేయాలో తెలియడం లేదు. తమ తీరికను బట్టి కాక, ఆమె చూపును బట్టి చిత్తగించవలెనని వేడుకొనుచున్న

తమ విధేయుడు,
హోరేస్ పిక్‌ఫోర్డ్

తా.క.: దీన్ని ఆవిస్‌కు చదివి వినిపించాను. సగంలోనే ఆపింది.

"ఫెయిలైన బండైనా, ముందుగా టైము తీసుకుని మళ్ళీ పరీక్షకు వెళ్తుంటే నడపనిస్తారు కదూ?"

"నడపనిస్తారు."

"పరీక్ష పెట్టే చోటు ఎంత దూరంలో ఉండాలో రాశారా?"

నిబంధనలన్నీ తిరగేశాను. రాయలేదు. "ఇంతకాలం గుమాస్తాగా ఏం వెలగబెట్టావయ్యా!" అని ఫోను తీసి, విట్బీలో గురువారానికి టైము తీసుకుంది.

కాబట్టి పై అర్జీ వెనక్కి తీసుకుంటున్నాను. అక్కడి మీ మనిషి నిక్షేపంగా ఫెయిలు చేసుకోవచ్చు. కారుని రెజ్ లారీ మీద తెచ్చుకుంటాం. గురువారం పొద్దున ఆ కొండదారిలో పొగ చిమ్ముకుంటూ ఆకుపచ్చ కారొకటి కనబడిందని ఎవరైనా మీకు ఫోను చేస్తే, ఆపించకండి. మా ఆవిడ పరీక్షకే వెళుతోంది. కొంచెం నెమ్మదిగా వెళుతోంది, అంతే.