సునీతను వెనక్కి పంపలేదు

అత్తమ్మా, వందనాలు.

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్ళాక ఒక వానాకాలం గడిచిపోయింది. వరంగల్‌లో చలి మొదలైంది. నీ మంచం ఇంకా ముందు గదిలోనే ఉంది. తీసేయడానికి నాకు మనసొప్పలేదు... నీ కొడుకూ తీయమనలేదు.

నీకొక సంగతి చెప్పాలి. విని మెచ్చుకుంటావో, కోప్పడతావో తెలియదు.

మన చర్చిలో డ్రమ్స్ వాయించే కిరణ్ గుర్తున్నాడు కదా? అతని పెళ్ళిలో నువ్వే ప్రార్థన చేశావు. ఈమధ్య ఒక ఆదివారం ఆరాధన అయిపోయి ఇంటికొచ్చి, అన్నం వడ్డిస్తున్నాను. అతని భార్య సునీత పాపను చంకనేసుకుని పరుగెత్తుకొచ్చింది. కాళ్ళకు చెప్పులు లేవు. పెదవి చిట్లి రక్తం కారుతోంది. నీ మంచం మీద కూర్చుని పాపను కొంగుతో కప్పుకుంది.

కాసేపటి క్రితమే కదా అతను పాటలకు వాయించింది? ఆ చేతులతోనేనా అత్తమ్మా?

ఏదైనా వాక్యం చదివి ధైర్యం చెబుదామని బైబిలు అందుకోబోయాను. నువ్వు గుర్తొచ్చావు. టీబీతో పడుకున్న పక్కింటి ముసలాయనకు గిన్నెలో అన్నం పట్టుకుపోతూ నాతో అన్నావే... "ఆకలైనోని ముందట వాక్యం సదువకు బిడ్డా. ముందుగాల ఇంత బువ్వ పెట్టు."

బైబిలు అక్కడే ఉంచి, నా పళ్ళెం ఆమె చేతికిచ్చాను.

ఆమె ఇంకా సగం కూడా తినలేదు, గేటు దడదడలాడింది. కిరణ్, వాళ్ళమ్మ రాజమ్మ, వాళ్ళ వెనక ఇద్దరు సంఘ పెద్దలు. నేను లోపల గొళ్ళెం వేసి గేటు దగ్గరే నిలబడ్డాను.

"నా పెండ్లాన్ని పంపు వదినా. లేకుంటె గేటు ఇరగ్గొడుత," అన్నాడు కిరణ్. రాజమ్మ నోటికొచ్చినట్టు తిట్టింది. పెద్దల్లో ఒకాయన మెత్తగా, "మొగడు పెండ్లాల నడుమ నీకెందుకు సుజాతా? చర్చి పరువు పోతది. అందరం ప్రార్థన జేద్దాం, పంపియ్యి," అన్నాడు.

నీ కొడుకు నా వెనక నిలబడ్డాడు. "పంపిద్దామా?" అని గొణిగాడు. ఆయన్ను తప్పు పట్టను. ఆ పెద్దల ముందే పెరిగాడు కదా. నువ్వుంటే ఏం చేసేదానివి? అరిచేదానివా? మోకరించేదానివా?

లోపల పాప ఏడుస్తోంది. కిరణ్ మళ్ళీ అరిచాడు. తండ్రి గొంతు వినగానే పాప ఏడుపు టక్కున ఆపేసింది. ఏడాది నిండని పిల్ల అత్తమ్మా... అప్పుడే నోరు మూసుకోవడం నేర్చుకుంది.

"పంప," అన్నాను. "ప్రార్థన జేస్తె ఆడనే జెయ్యున్రి. పోలీసులకు ఫోన్ జేసిన."

అబద్ధం. అప్పటికి చేయలేదు. కానీ వెనక్కి చూస్తే నీ కొడుకు ఫోన్ చెవిన పెట్టుకుని మన ఇంటి అడ్రస్ చెబుతున్నాడు.

కిరణ్ గేటును తన్నాడు. పోలీసులు వచ్చేసరికి పెద్దలు లేరు. స్టేషన్‌లో సునీత జరిగిందంతా తానే చెప్పింది. వాళ్ళు కాగితం రాసుకుని కిరణ్‌ను ఆ రాత్రే వదిలేశారు. తెల్లారి మేమిద్దరం ఆమెను, పాపను ఏటూరునాగారంలో వాళ్ళమ్మ దగ్గర దింపి వచ్చాం. దారిలో బస్సు ఆగిన ప్రతిచోటా సునీత తల కిటికీ కిందికి వంచేసేది.

తర్వాతి ఆదివారం చర్చిలో మా పక్కన ఎవరూ కూర్చోలేదు. స్త్రీల కూటంలో ప్రార్థన చేయించే పని నా నుంచి తీసేశారు. కిరణ్ మాత్రం ఇప్పటికీ డ్రమ్స్ వాయిస్తున్నాడు. కర్ర పడ్డప్పుడల్లా ఉలిక్కిపడతాను. అయినా వెళ్తున్నాను. అది నీ చర్చి, నా చర్చి కూడా... కాదా?

మొన్న రాజమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకోగానే నా ఒడిలోకి ఒక కవరు తోసింది. అందులో పాపకు ఉన్ని స్వెటరు, టోపీ.

"అటు దిక్కు అడివి గదా... సలెక్కువ ఉంటది," అంది నా చెవిలో. "నేనిచ్చిన్నని కిరణ్‌కు తెల్వద్దు."

ఆమె గొంతులో ఉన్నది సునీత గొంతులోని భయమే. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో ఎవరు ఎవరికి భయపడుతున్నారో మనకెందుకు తెలియలేదు?

రేపు పొద్దున బస్సుకు ఏటూరునాగారం వెళ్తున్నాను. వచ్చాక రాజమ్మ కోసం ఆ ఇంటి తలుపు తడతాను. కిరణ్ ఇంట్లో ఉన్నా సరే తడతాను.

నీ కోడలు,
సుజాత