వినకుండా అన్న సరే

సముద్రం మీద ఊరంత ఓడలో నలుగురి జ్వరాలూ చూస్తూ తన భోజనం వేళ మరిచిపోయే మా నర్సమ్మకు, ఇంటి దగ్గరి నుంచి మీ ఆయన బోలెడన్ని ఆశీస్సులతో, అంతకన్నా ఎక్కువ బెంగతో రాయునది.

ఇక్కడ అందరం క్షేమమని మొదలుపెట్టాలి. అందరం అంటే నేనొక్కణ్ణే కాబట్టి ఆ మాట రాయడం సులువు. జ్వరం లేదు, కీళ్ళ నొప్పులు లేవు, రెండు పూటలా వండుకుని తింటున్నాను. నువ్వక్కడ కులాసా అని తలుస్తాను. చేతి మీద వేడినీళ్ళు పడ్డాయని ఇంతకుముందు ఉత్తరంలో రాశావు, తగ్గిందో లేదో మాత్రం రాయలేదు. ఊరందరికీ కట్లు కట్టే మనిషివి, నీ చెయ్యి నీకు కనిపించదు.

నీ ఉత్తరం మూడో తారీకున అందింది. అందులో రెండు ప్రశ్నలు అడిగావు. దుకాణంలో ఇచ్చిన మన చేప వాచ్‌మన్‌ని ఎవరైనా తీసుకెళ్ళారా, ఎలా ఉన్నాడు అన్నది మొదటిది. రెండోది నీ మాటల్లోనే ఇక్కడ దింపుతున్నాను. "ఇంకో ఏడాదికి సంతకం పెట్టమంటారా, మీరు వద్దంటే పెట్టను అని ఫోనులో అడిగాను. సరే సరే అన్నారు. కాస్త ఆగి కూడా అనలేదు. సరే అన్నారు కదా అని పెట్టేశాను. నేను లేకపోతే అంత హాయిగా ఉందా మీకు? ఇప్పటికైనా వద్దనుకుంటే కంపెనీ ఆఫీసుకు ఒక్క ఫోను చెయ్యండి. పన్నెండున ఓడ కదిలేలోపు కాగితం వెనక్కి తీసుకోవచ్చు. ఆ తర్వాత ఏడాది దాకా కుదరదు." ఈ వాక్యాలు నాకిప్పుడు కంఠతా వచ్చు. రెండోదానికి జవాబు చెప్పాలంటే మొదటిదాని మీదుగానే రావాలి. కాస్త ఓపిక పట్టు.

నువ్వు వెళ్ళాక ఉప్పునీళ్ళ తొట్టె పని నువ్వు రాసిపెట్టినట్టే చేశాను. వారానికో బకెట్టు నీళ్ళు తీసి, అంతే ఉప్పు కలిపిన కొత్త నీళ్ళు పోశాను. ఆవిరైన మేరకు మంచినీళ్ళు. వాచ్‌మన్‌కి రెండు చిటికెల మేత. రోజూ పని నుంచి రాగానే స్టూలు వేసుకుని ఆ చేప, మన రొయ్య, ఇద్దరి ముందు కూర్చునేవాణ్ణి. తాపీమేస్త్రీ అని పేరు పెట్టి సగం కోసేశాం గానీ, మన రొయ్య పేరుకే తాపీ, క్షణం తాపీగా ఉన్నది లేదు. కళ్ళు కనిపించని ప్రాణి రోజంతా ఇసుక తోడి బొరియ బయట పోసేది. వాచ్‌మన్ గుమ్మంలో నిలబడి లోకాన్ని చూసేవాడు. తాపీ మీసం ఒకటి ఎప్పుడూ వాడి ఒంటి మీదే. వాడు తోక ఆడించాడంటే ఇద్దరూ లోపలికి. నీకు గుర్తుందా, నువ్వు మొదటిసారి చూపించి, "చూడండి, ఆ చెయ్యి తీయదు" అన్నావు. మీసాన్ని చెయ్యి అన్నావని నవ్వాను.

దాని గోరు చప్పుడు సంగతి నీకు చెప్పేదేముంది. పిడికెడంత లేని రొయ్య పట్టకారు లాంటి గోరు విదిలిస్తే గాజు పగిలినట్టు ఠక్కుమంటుంది. మొదటి రోజు మనిద్దరం తొట్టె బీట వారిందని చుట్టూ తడిమాం. ఆ ఠక్కు నాలుగు రోజులు వినపడలేదు. అయిదో రోజు పొద్దున్న బొరియ ముందు తాపీ వెల్లకిలా పడి ఉంది. కాళ్ళు, మీసాలు, పెద్ద గోరు, అన్నీ ఉన్నాయి. చెంచాతో తీసి, తడిగుడ్డలో చుట్టి, మెట్ల కింద పూలకుండీలో పాతిపెట్టాను. నీకు రాశాను. నువ్వేం రాశావో కూడా నీ ఉత్తరాల పెట్టెలోనే ఉంది. "పెంకు వదిలిందేమో అనుకున్నాను. కానీ నాలుగు రోజులుగా చప్పుడు లేదని మీరే రాశారు. మీ చెవికి వినపడలేదంటే లేనట్టే." వాచ్‌మన్ ఒక్కడే గుమ్మంలో నిలబడటం తలుచుకుంటే అన్నం సయించడం లేదన్నావు. దుకాణానికి ఇచ్చేయమన్నావు. ఇచ్చేశాను.

పెంకు వదలడం అనే మాట నాకు అప్పుడు కొత్త. రొయ్య పెరిగినప్పుడల్లా, పాము కుబుసం విడిచినట్టు, ఒంటి మీది పెంకు మొత్తం విడిచేస్తుందని తర్వాత తెలిసింది. వెళ్ళే ముందు స్టేషన్లో నువ్వు ఆ సంగతి చెప్పే ఉంటావు. నేను సరే అనే ఉంటాను.

అయిదో తారీకు ఆదివారం. పక్క వాటా టైలరమ్మ నువ్వు కుట్టమని ఇచ్చి వెళ్ళిన కర్టెన్లు తెచ్చింది. కుట్టుమిషను మోత మీద మాట్లాడీ మాట్లాడీ ఆమె గొంతు ఎంత పెద్దదో నీకు తెలుసు. కుర్చీ వేశాను. కూర్చోబోయి లేచి నిలబడింది.

"అన్నయ్యా, ఏదో పగిలింది చూడండి."

"ఏం పగల్లేదమ్మా."

"అదిగో, మళ్ళీ! గాజు చిట్లినట్టు. వినపడలేదా మీకు?"

నేను ఆమె మొహం చూశాను. ఆమె తొట్టె వైపు చూపించింది. ఇసుక మీద కొత్తగా తోడిన గుట్ట. బొరియ గుమ్మంలో రెండు మీసాలు. తాపీ బతికే ఉంది. ఆ మీసాలు బయట అటూ ఇటూ వెతుకుతున్నాయి. తగలాల్సిన ఒళ్ళు లేదు. టైలరమ్మ "అబ్బ, మళ్ళీ" అని చెవులు మూసుకుంది. నేను గాజుకు చెవి ఆనించాను. ఏమీ లేదు, నర్సమ్మా. గోడకు చెవి ఆనించినట్టే ఉంది.

పరుగున దుకాణానికి వెళ్ళాను. దుకాణదారు ఏదో గొణిగాడు, నాకు అందలేదు. చివరికి ఖాళీ తొట్టె ఒకటి చూపించి చేతులు తిప్పేశాడు. గట్టిగా అడిగితే గట్టిగా చెప్పాడు. "మేత ముట్టలేదండీ. మూలన ఇసుకలో గుంట చేసుకుని అందులోనే నిలబడేవాడు. పది రోజులైంది పోయి." నీ మొదటి ప్రశ్నకు జవాబు ఇదే. వాణ్ణి ఎవరూ తీసుకెళ్ళలేదు. నేనే చంపాను. బతికున్నదాన్ని చచ్చిందనుకుని, దానికి కళ్ళయినవాణ్ణి ఊడబెరికి పారేశాను.

ఇక నా చెవుల సంగతి. నూలు మిల్లులో నా పేరు చెవి మేస్త్రీ అని నువ్వు ఓడలో అందరికీ గొప్పగా చెబుతావని రాశావు. స్క్రూడ్రైవర్ మొన బేరింగు మీద, పిడి చెవికి ఆనించి, ఇది ఇంకో నెల నడుస్తుంది, ఇది రేపే పట్టేస్తుంది అని చెప్పేవాణ్ణి. ఏడాదిన్నరగా ఆ పిడిలో మోత తగ్గుతూ వచ్చింది. మిషన్లు బాగుపడ్డాయేమో అనుకున్నాను. నన్ను నేను అంత బాగా మోసం చేసుకున్నాను. పెళ్ళాం చెవిలో పువ్వులు పెట్టడం అందరూ చేసేదే. నేను నా చెవిలోనే పెట్టుకున్నాను.

మూడు వారాల కిందట నేను బాగుందన్న బేరింగు రెండో రోజే పట్టేసింది. షాఫ్టు వంగింది, వరస మొత్తం ఆగింది. మేస్త్రీ చెవి తప్పు వినదు కదా, కాబట్టి గ్రీజు పెట్టని తప్పే అన్నారు. మన గ్రీజు బాబాయిని పనిలోంచి ఆపేశారు. ఆయన నా వైపు చూస్తూ నిలబడ్డాడు. ఒక్క మాట అనాల్సింది నేను. నీళ్ళు నమిలాను.

టైలరమ్మ వచ్చి వెళ్ళిన మర్నాడు మేనేజరు దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. బాబాయిని వెనక్కి పిలిచారు. నన్ను చెవి డాక్టరు దగ్గరికి పంపారు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు డబ్బాలు తగిలించి, చప్పుడు వచ్చినప్పుడల్లా మీట నొక్కమంది అక్కడి అమ్మాయి. పరువు పోకూడదని అందాజుగా నొక్కుతూ పోయాను. ఆ అమ్మాయి తలుపు తెరిచి, నా ఎదురుగా నిలబడి, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. "మేస్త్రీగారూ, నేనింకా మొదలుపెట్టలేదండీ." నవ్వు వస్తే నవ్వుకో. నాకు ఆ గదిలోనే ఏడుపొచ్చింది.

నరం పోయిందట. పోయింది తిరిగి రాదట. చెవికి మిషను పెడితే మోత పెరుగుతుంది గానీ మాట తేటపడదన్నాడు డాక్టరు. సన్నని గొంతులు ముందు పోతాయి, లావు గొంతులు తర్వాత అన్నాడు. నీది సన్నని గొంతు. ఆ మాట ఆయనకు తెలియదు కాబట్టి మామూలుగా చెప్పి చీటీ రాసుకుంటున్నాడు.

ఇప్పుడు నన్ను గేటు దగ్గర కూర్చోబెట్టారు. వచ్చేపోయే బళ్ళకు చెయ్యి ఊపడం పని. బాబాయి మొన్న గేటు దాటుతూ నా ముందు ఆగి ఏదో అన్నాడు. తల వంచుకుని అన్నాడు, పెదాలు కనపడలేదు. తిట్టాడో, పోనీలే అన్నాడో ఈ జన్మకు తెలియదు. సరే అన్నాను.

చూశావా, ఆ మాట ఎంత మంచిదో. ఏ ప్రశ్నకైనా అతుకుతుంది. కూర అడుగంటిందా అన్నా సరే, రేపు రానా అన్నా సరే. ఎదుటివాళ్ళు అడిగింది ఏదైనా సగం మంది సంతోషంగానే వెళ్ళిపోతారు. ఫోను లైను బాగుండదు, ఉత్తరాలైతే దాచుకోవచ్చు అని నీకు నూరిపోసింది కూడా అందుకే. ఉత్తరాల మీద నాకు అంత మోజేమీ లేదు. ఫోనులో నీ గొంతు ఏడాదిగా నాకు గాలి వీచినట్టు వస్తోంది. పోయిన నెల నువ్వు రేవు నుంచి ఫోను చేసినప్పుడు, నువ్వు ఆగిన చోటల్లా నేను సరే అన్నాను. చాలాసేపు ఆగిన చోట రెండుసార్లు అన్నాను. నువ్వు ఏడ్చావా? ఏడిస్తే దానికి కూడా సరే అనే ఉంటాను. నన్ను క్షమించు.

ఇంట్లో మాటకొస్తే, తాపీ ఇంకా ఉంది. బయటికి రాదు. సన్నని గొట్టంతో మేత బొరియలోకి జారవిడుస్తున్నాను. తింటోందో లేదో కనిపించదు. చప్పుడు చేస్తోందో లేదో టైలరమ్మ వస్తే తప్ప తెలియదు. కొత్త చేప ఎప్పుడొస్తుందో చెప్పలేనన్నాడు దుకాణదారు. వచ్చినా ఈ రొయ్య దాన్ని గుమ్మంలోకి రానిస్తుందన్న ఆశ నాకు లేదు.

ఇక్కడితో ఆపేస్తే నువ్వు నన్ను క్షమిస్తావని నాకు తెలుసు. పాపం, వినపడక అన్నాడు అనుకుంటావు. ఓడలో ఎవరికీ కనపడకుండా ఏడుస్తావు. అందుకే ఆపకూడదు.

నీ ఉత్తరం వచ్చింది మూడున. నువ్వేం అడిగావో, నేనేం పాడుచేశానో ఆ క్షణమే అర్థమైంది. నీ ఉత్తరం సంగతి నా నోట విన్న టైలరమ్మ పదో తారీకున తలుపు తట్టింది, గంట కాదు, నాకోసం తలుపు తట్టడం నేర్చుకుంది. "వదినకి నేను చేస్తాను ఫోను. ఆఫీసు నంబరివ్వండి. రమ్మంటున్నారని ఒక్క మాట చెబుతాను" అంది. నంబరు గోడ మీద రాసి ఉంది, నువ్వే రాశావు. నేను దానికి అడ్డంగా నిలబడి, వద్దమ్మా, నేనే రాస్తాను అన్నాను. ఆమె రెండోసారి కూడా అడిగింది. ఆ మాటలన్నీ నాకు స్పష్టంగా వినపడ్డాయి.

నువ్వు రాకూడదని కాదు. నువ్వు లేని ఇల్లు నాకు చెరసాల. కానీ నువ్వు వస్తే గుమ్మంలో నిలబడి నన్ను పిలుస్తావు, నేను పలకను. అప్పటి నీ మొహం నేను చూడలేను. గట్టిగా అరిచి మాట్లాడీ మాట్లాడీ ఏదో ఒక రోజు నీకు విసుగొస్తుంది, ఆ విసుగు వినపడదు గానీ కనపడుతుంది. ఇంకో ఏడాది నా గౌరవం నీ దగ్గర అలాగే ఉంటుందనుకున్నాను. నన్ను చూసి గర్వపడే మనిషి లోకంలో నువ్వొక్కతెవే.

ఈ రోజు పదమూడు. నీ ఓడ నిన్న కదిలింది. నీ రెండో ప్రశ్నకు జవాబు: వద్దు. సంతకం పెట్టొద్దు, వచ్చెయ్యి. ఇది నీకు అందేసరికి ఎందుకూ పనికిరాదని తెలిసే, అది పనికిరాని రోజు కోసం ఆగే రాస్తున్నాను. వినపడక సరే అన్నది ఒక్క రోజు. తొమ్మిది రోజులు మాత్రం అంతా విని ఊరుకున్నాను.

ఇట్లు,
నీ భర్త