చక్రం కింద నిమ్మకాయ

బావా,

ఇవాళ్టికి నువ్వు పోయి ఏడేళ్లు. దల్మా కొండ వాలులో నీ జీపు బోల్తా పడిన రోజు పొద్దున్న, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం నేను మరిచిపోయాను. ఆ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మనబ్బాయి అప్పన్న కూడా నీ పనిలోనే చేరాడు. జంతువుల్ని చూడ్డానికొచ్చే దొరల్ని దారి లేని చోటల్లా జీపులో తిప్పుతాడు. వాడు కొండకి బయల్దేరిన ప్రతిసారీ, కాయలు చితికిన చప్పుడు విన్నాకే నేను లోపలికి వచ్చేదాన్ని.

ఇవాళ మధ్యాహ్నానికే బారిడీహ్‌లో మనింటికి తిరిగొచ్చేశాడు.

"కాయిదా, అదే రూలు, మారిపోనాదమ్మా! జంగిల్ ఆపీసోల్లు గేటు ఎట్టీసినారు. జీపులు కొండ కిందే ఆగిపోవాలట. సాబులు నడిసే ఎక్కాల," అని విసుక్కున్నాడు.

"అయ్యో, అలాగేట్రా?" అన్నాను. నా మొహం వాడికి కనబడకుండా వంటింట్లోకి పోయాను.

వచ్చే వారం జీపు చక్రాలకని దాచిన రెండు నిమ్మకాయలూ పిండి పులిహోర కలిపాను. వాడు విసుక్కుంటూనే రెండోసారి పెట్టించుకున్నాడు.

ఇక నేను మరిచిపోయినా పర్వాలేదు బావా.

నీ పార్వతి