మర్ఫా మీది చెయ్యి

జూన్ 9, సోమవారం

తాత పెండ్లి ఊరేగింపులల్ల వాయించిన మర్ఫా డప్పు మళ్లీ మెత్తబడ్డది. క్రైస్ట్‌చర్చ్‌ల జూన్ అంటే చలికాలం, ఆ చలికి తోలు బిగువు తప్పుతది — కొడితే తడి గోనెసంచి మీద కొట్టినట్టు. హైదరాబాద్‌ల అయితే కాగితాలు మంటబెట్టి కాస్తరు. ఇక్కడ మంటపెడితే అలారం మోగి ఫ్లాట్ ఖాళీ చేయిస్తరు. హెయిర్ డ్రయర్ పెట్టిన. నా బిడ్డ సనా ఒకటే నవ్వుడు.

జూన్ 10

శనివారం నా బొమ్మల ఎగ్జిబిషన్ ఓపెనింగ్. గ్యాలరీ నడిపే హెలెన్‌కు లేబుల్ ఇయ్యాలె. రాసిన — 'నిజాం గుర్రపు దళం కోసం ఆఫ్రికా నుంచి హైదరాబాద్ వచ్చిన సిద్దీల డప్పు ఇది. తోలు మీది నల్లటి ముద్ర, చిత్రకారిణి తాత అరచేయి.'

పన్నెండేండ్లుగ ఆ చేతినే గీస్తున్న. బొగ్గుతోని, ఇంకుతోని, గోడంత... నన్ను గుర్తుపట్టేదే ఆ చేతితోని.

సనా చదివి, ఇంగ్లీషులనే — "అది మీ తాతదేనని నీకెట్ల తెలుసు మమ్మీ?"

దీనికి అన్నీ డౌట్లే. కానీ నిజంగ... ఎట్ల తెలుసు?

జూన్ 11

పొద్దటిసంది అదే ఆలోచన. ఎవరూ చెప్పలే. నేనే అనుకున్న.

తాత మర్ఫా బ్యాండ్‌ల మిగిలింది చాంద్ చాచా ఒక్కడే. హైదరాబాద్ ఏసీ గార్డ్స్‌ల మా పాత గల్లీలనే ఉంటడు. పండుగలకు తప్ప ఫోన్ చెయ్యను. మొహం చెల్లదు. రేపు చేస్త.

జూన్ 12

చేసిన. వీడియోల తోలు చూపెట్టిన. చాచా కండ్లద్దాలు పెట్టుకొని చూసి పడీ పడీ నవ్విండు. ఆయన మాట్లాడేది ఉర్దూ, నేను తెలుగుల రాసుకుంటున్న, బళ్లె నేర్చింది ఇదే గదా.

"మీ తాత పోయినంక పాత తోలు చినిగింది బేటా. ఇది నేను ఏయించిన. ఆ మరక నా చేతిదే. పెండ్లిళ్ల సీజన్‌ల చెమట ఆరేదా?"

నా తెలివి తెల్లారినట్టే ఉంది! పన్నెండేండ్లు!

"నన్నొక్కసారి అడిగితే చెప్తుంటి గదా" అన్నడు. కోపంగ కాదు. అందుకే గుచ్చుకుంది.

చెయ్యి కెమెరా ముందట పెట్టిండు. చిటికెన వేలు వంకర. ముద్రల గూడ అదే వంకర... ఎన్నిసార్లు గీసిన దాన్ని! ఎవరిదో అడగలే.

జూన్ 13, శుక్రవారం

హెలెన్‌కు చెప్పిన.  ఆమె అన్నది — తాత కథ అందరికీ నచ్చింది, ఉండనిద్దామా? లేదంటే ఈ రాత్రి ఎనిమిదింటికల్లా కొత్త లేబుల్ పంపు.

ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. ఎవరికి తెలుస్తది?

అయినా తిరగరాసిన. 'ఈ ముద్ర...' దగ్గర ఆగిపోయిన. చాంద్ చాచా అన్నది గల్లీ పిలిచే పేరు. అసలు పేరు? నాకు తెల్వదు. నన్ను భుజాల మీద ఎక్కించుకొని పెండ్లి బరాత్‌లు తిప్పిన మనిషి!

ఫోన్ చేసిన. జుమ్మా నమాజుకు బయల్దేరుతున్నడు.

"తాత పేరే ఉండనియ్ బేటా. నా పేరు ఎవలికి గావాలె?"

"నాకు గావాలె చాచా."

 చెప్పులేసుకుంటున్న చప్పుడు.

"నమాజు చేసొచ్చి చెప్త" అన్నడు.

ఇక్కడ రాత్రి ఏడుంబావు అయింది. ఆయన నమాజు చేసొచ్చేసరికి ఎనిమిది దాటుతది.