రాములు గారి తువ్వాలు

ఫిల్మ్‌నగర్,
బుధవారం.

నాన్నగారికి గీతిక నమస్కారాలు. ఫోనులో చెబితే ఏడ్చేస్తానని కార్డు రాస్తున్నాను. వేషం పోలేదు, కంగారు పడకండి.

సినిమాలో నాది బౌలర్ వేషం కదా. వారం రోజులుగా నేను వేసిన ప్రతి బంతీ పక్కకే పోయింది. శుక్రవారంలోగా కుదరకపోతే వేరే అమ్మాయిని పెడతామన్నారు డైరెక్టరు గారు. నిన్న లైట్‌మన్ రాములు గారు దగ్గరికొచ్చి, "నువ్వు కెమెరా దిక్కు చూస్తున్నవమ్మా. బాల్ గూడ గాడికే పోతది. గీ తువ్వాల దిక్కు చూడు, బాల్ వదిలినంక గూడ చూపు తిప్పకు" అని తన భుజం మీది తువ్వాలు తీసి మధ్య వికెట్‌కి కట్టారు. తను భోజనం మానుకుని నాచేత నలభై బంతులు వేయించారు. చివరి ఆరూ తువ్వాలుకే తగిలాయి. డైరెక్టరు గారు చూసి, నన్నే ఉంచమన్నారు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? మగ్గం గుంటలోకి మళ్లీ వాన నీళ్లు వచ్చాయా?

నా దెబ్బలకు ఆ తువ్వాలు చిరిగిపోయింది. ఆయన దాన్నే మడిచి భుజాన వేసుకున్నారు. మీ దీవెనలతో పాటు, మీరు నేసిన తువ్వాళ్లు రెండు పంపండి. ఒకటి ఆయన భుజానికి, ఒకటి వికెట్‌కి.

గీతిక